మాక్ ఇంటర్వ్యూలు చేస్తున్న తెలుగు సంఘాలకు: డి.ఓ. కాలేజీలకు వెళ్లే పిల్లలకు వేరే తర్ఫీదు కావాలి

అమెరికాలోని తెలుగు సంఘాల విద్యా విభాగాల బాధ్యులకు, ఆ సంఘాల తరఫున మాక్ ఇంటర్వ్యూలు చేస్తున్న డాక్టర్లకు నమస్కారం.

మెడికల్ స్కూళ్లకు దరఖాస్తు పెట్టిన మన పిల్లల కోసం మీరు శనాదివారాలు వదులుకుని ఉచితంగా ఇంటర్వ్యూ తర్ఫీదు ఇస్తున్నారు. ప్రైవేటు కోచింగ్‌కు వేల డాలర్లు పెట్టలేని ఇళ్లకు అది ఎంత ఆసరాయో మాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాం. మీ తర్ఫీదులో ఒక పెద్ద లోపం ఉంది. ఎం.డి. పట్టా ఇచ్చే మామూలు మెడికల్ కాలేజీల ఇంటర్వ్యూల కోసం తయారుచేసుకున్న ప్రశ్నలనే మందులు, సర్జరీతో పాటు చేతితో చేసే చికిత్స కూడా నేర్పి డి.ఓ. పట్టా ఇచ్చే ఆస్టియోపతిక్ కాలేజీలకు, అంటే డి.ఓ. కాలేజీలకు వెళ్లే పిల్లలకూ వేస్తున్నారు. చివర్లో “డి.ఓ. ఎందుకు?” అన్న ప్రశ్న ఒకటి తగిలిస్తున్నారు. డి.ఓ. ఇంటర్వ్యూకి ఆ ఒక్క ప్రశ్న చాలదు. దాని వెనక వచ్చే పది ప్రశ్నలకు పిల్లల దగ్గర జవాబు ఉండటం లేదు.

దీనికి కారణం ఉంది. మీలో చాలామంది గుంటూరులోనో, వరంగల్లోనో, విశాఖలోనో ఎంబీబీఎస్ చదివి, ఇక్కడ రెసిడెన్సీ, అంటే పట్టా తర్వాత ఆసుపత్రిలో ఇచ్చే శిక్షణ, చేసినవారు. రెసిడెన్సీ ఇంటర్వ్యూలు మీకు కొట్టినపిండి. కానీ మనకు అక్కడ మెడికల్ సీటు ఎంట్రన్సు ర్యాంకుతో వచ్చింది. సీటుకి ఇంటర్వ్యూ అన్నదే లేదు. రెసిడెన్సీ ఇంటర్వ్యూలో ఎదుటివాళ్లు చూసేది పనిచేయగల డాక్టరును. మెడికల్ స్కూలు ఇంటర్వ్యూలో చూసేది ఇంకా డాక్టరు కాని 22 ఏళ్ల మనిషిని. డి.ఓ. కాలేజీలో అదనంగా ఇంకొకటి చూస్తారు: ఈ విద్యను తెలిసి ఎంచుకున్నాడా, దిక్కులేక వచ్చాడా అన్నది. ఈ దేశంలో వైద్య విద్యార్థుల్లో నాలుగో వంతుకు పైగా ఇప్పుడు డి.ఓ. కాలేజీల్లోనే ఉన్నారు. కాలేజీలు 40 దాటాయి. మన పిల్లల్లో ఎందరో అటే వెళ్తారు. వాళ్లని రెండో తరగతి దరఖాస్తుదారుల్లా తయారుచేసి పంపితే ఆ సంగతి ఇంటర్వ్యూ గదిలో పది నిమిషాల్లో బయటపడుతుంది.

ముందు పెద్దవాళ్లం మనం తెలుసుకోవాల్సిన చరిత్ర కొంత ఉంది. ఆండ్రూ టేలర్ స్టిల్ అనే వైద్యుడికి 1864లో ముగ్గురు పిల్లలు మెనింజైటిస్‌తో చనిపోయారు. ఆనాటి మందుల మీద, పాదరసం, రక్తం తీయడం వంటి పద్ధతుల మీద ఆయనకు నమ్మకం పోయింది. 1874లో ఆస్టియోపతిని ప్రకటించారు, 1892లో మిస్సోరి రాష్ట్రంలోని కర్క్స్‌విల్‌లో మొదటి కాలేజీ పెట్టారు. కాలేజీల మీద 1910 నాటి ఫ్లెక్స్‌నర్ నివేదిక ఎం.డి. వాళ్లను ఎంత కుదిపిందో వీళ్లనూ అంతే కుదిపింది. తరువాత మందులు, సర్జరీ అన్నీ పాఠ్యాంశాల్లోకి వచ్చాయి. 1962లో కాలిఫోర్నియాలో రెండు వేలకు పైగా డి.ఓ.లకు 65 డాలర్ల రుసుముతో ఎం.డి. పట్టా ఇచ్చి ఆ రాష్ట్రంలో ఈ వృత్తినే మూసేయబోయారు. 1974లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కొత్త లైసెన్సులు మళ్లీ మొదలయ్యాయి. ఇప్పుడు 50 రాష్ట్రాల్లోనూ డి.ఓ.లకు పూర్తి వైద్యహక్కులు ఉన్నాయి. 2020 జూన్ చివరికి ఎం.డి., డి.ఓ. రెసిడెన్సీలన్నీ ఒకే గుర్తింపు సంస్థ కిందికి వచ్చేశాయి.

ఇదంతా పిల్లలు వల్లించాలని కాదు. ఇంటర్వ్యూ చేసే పాత తరం ప్రొఫెసర్లకు ఈ కథ సొంత ఇంటి చరిత్ర. “డి.ఓ., ఎం.డి. రెండూ ఒకటే కదా, అందుకే అప్లై చేశాను” అని పిల్లవాడు అన్నప్పుడు, ఒకటిగా కరిగిపోకుండా నిలబడటానికి వాళ్లు పడ్డ పాట్లు వాళ్లకు గుర్తుకొస్తాయి. హక్కులు ఒకటే అన్న మాట నిజం. కానీ అడిగిన ప్రశ్న హక్కుల గురించి కాదు.

ఇక ఆ ప్రశ్న దగ్గరికి వద్దాం. “డి.ఓ. ఎందుకు?” అంటే మన పిల్లలు ఎక్కువగా ఇచ్చే జవాబు ఒకటే. “డి.ఓ.లు హోలిస్టిక్‌గా చూస్తారు, రోగాన్ని కాకుండా మనిషిని చూస్తారు.” ఎదుట కూర్చున్నవాళ్లు ఆ వాక్యాన్ని ఆ రోజు ఉదయం నుంచి వింటూనే ఉంటారు. పైగా వెంటనే వచ్చే ప్రశ్న ఇది: “మంచి ఎం.డి. ఫ్యామిలీ డాక్టరు కూడా మనిషినే చూస్తాడు కదా, మరి తేడా ఎక్కడ?” ఇక్కడ పిల్లలు ఆగిపోతారు. జవాబు తట్టక ఎం.డి.లను చులకన చేసే మాట ఒకటి అనేస్తారు. ఆ ప్యానెల్‌లో ఎం.డి. ఒకరు కూర్చుని ఉండవచ్చు, చాలా డి.ఓ. కాలేజీల అధ్యాపకుల్లో ఎం.డి.లు, పీహెచ్‌డీలు కూడా ఉంటారు.

నిలబడే జవాబుకు మూడు భాగాలు ఉంటాయి, మొత్తం 90 సెకన్లు దాటకూడదు. మొదటిది, ఒక డి.ఓ. దగ్గర షాడోయింగ్ చేసినప్పుడు, అంటే ఆ డాక్టరు పక్కనే ఉండి పని గమనించినప్పుడు, కళ్లారా చూసిన ఒక్క సందర్భం. ఉదాహరణకు తలనొప్పితో వచ్చిన మనిషిని ఆ డాక్టరు ఎలా పరీక్షించారు, మెడ వెనక కండరాల్లో ఏం వెతికారు, నైట్ డ్యూటీ గురించి ఎందుకు అడిగారు, చేతితో చికిత్స మొదలుపెట్టే ముందు బీపీ, చూపు, జ్వరం గురించి అడిగి ఏ ప్రమాదాలు లేవని నిర్ధారించుకున్నారు. రెండోది, అది ఆస్టియోపతి సూత్రాల్లో దేనికి సంబంధించిందో ఒక్క వాక్యంలో. సూత్రాలు నాలుగే. శరీరం, మనసు, ఆత్మ కలిసి మనిషి ఒక్కటి. శరీరానికి తనను తాను సరిచేసుకునే శక్తి ఉంది. నిర్మాణం, పని ఒకదాన్నొకటి ప్రభావితం చేస్తాయి. చికిత్స ఈ మూడింటి మీద ఆధారపడి ఉండాలి. మూడోది, రేపు తాను ఏ రకం రోగుల దగ్గర దీన్ని వాడాలనుకుంటున్నాడో. అంతటితో ఆపాలి. ఆపడం కూడా నేర్పాలి, ఎందుకంటే మన పిల్లలు మౌనానికి భయపడి ఇంకో రెండు నిమిషాలు మాట్లాడి చెప్పిన మంచి మాటను చెడగొట్టుకుంటారు.

అసలు డి.ఓ. దగ్గర షాడోయింగ్ చేయని పిల్లవాడికి ఈ జవాబు ఎంత నేర్పినా రాదు. అది మే నెలలో దరఖాస్తు తెరవకముందే తేలాల్సిన పని. చాలా కాలేజీలు డి.ఓ. డాక్టరు రాసిన సిఫారసు లేఖ కోరతాయి లేదా ఉంటే మంచిదంటాయి. మీ సంఘాల్లో ఎం.డి. డాక్టర్ల పేర్లు వందల్లో ఉంటాయి, డి.ఓ.ల జాబితా మాత్రం చాలా చోట్ల లేదు. ఇక్కడే పుట్టి పెరిగి డి.ఓ. చదివి ప్రాక్టీసు చేస్తున్న తెలుగు పిల్లలు ఇప్పుడు ప్రతి పెద్ద నగరంలో ఉన్నారు. వాళ్లను వెతికి, ఒక్కొక్కరు ఏడాదికి ఇద్దరు విద్యార్థులకు రెండేసి రోజులు క్లినిక్‌లో చోటిచ్చేలా అడగండి. ఇంటర్వ్యూకి మీరు చేయగల అతి పెద్ద సాయం అదే.

చేతి చికిత్స గురించి ప్రశ్నలు తప్పక వస్తాయి. దీన్ని ఓఎంటీ అంటారు. మొదటి రెండేళ్లలో సుమారు 200 గంటలు నేర్పుతారు. పిల్లలకు కనీసం రెండు మూడు పద్ధతుల గురించి తెలిసి ఉండాలి. మజిల్ ఎనర్జీలో రోగి తన కండరాన్ని డాక్టరు చేతికి ఎదురు నెట్టి వదులుతాడు. కౌంటర్‌స్ట్రెయిన్‌లో నొప్పి తగ్గే భంగిమలో 90 సెకన్లు పట్టి ఉంచుతారు. కీలు దగ్గర చప్పుడు వచ్చేలా వేగంగా కదిలించే హెచ్‌వీఎల్ఏ ఒకటి. ఎముకల బలం తగ్గినవాళ్లకు, మెడ పైభాగంలో కీళ్లు వదులైన రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగులకు ఈ చివరిది చేయకూడదు. అది తెలిసిన పిల్లవాడు చూసి నేర్చుకున్నాడని ఎదుటివాళ్లకు అర్థమవుతుంది. డాక్టరు చేత్తో వెతికేవి నాలుగు: కణజాలంలో మార్పు, రెండు పక్కలా తేడా, కదలిక తగ్గడం, నొక్కితే నొప్పి.

“దీనికి ఆధారాలు ఉన్నాయా?” అన్నది కఠినమైన ప్రశ్న. ఇక్కడ భక్తుడిలా మాట్లాడినా దెబ్బే, వెక్కిరించినా దెబ్బే. 1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో నడుం నొప్పి మీద వచ్చిన పరిశోధనలో ఓఎంటీ తీసుకున్నవాళ్లు, మామూలు చికిత్స తీసుకున్నవాళ్లు దాదాపు సమానంగా కోలుకున్నారు. ఓఎంటీ తీసుకున్నవాళ్లకు మందులు తక్కువ పట్టాయి. నిమోనియా వచ్చిన పెద్దవాళ్ల మీద చేసి 2010లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో అందరినీ లెక్కలోకి తీసుకున్నప్పుడు స్పష్టమైన తేడా కనిపించలేదు. చికిత్స పూర్తిగా తీసుకున్నవాళ్లను మాత్రమే చూసినప్పుడు, ఆ చికిత్స అసలు తీసుకోనివాళ్లకంటే ఆసుపత్రిలో ఉన్న రోజులు తగ్గాయి. పుర్రె ఎముకల మీద చేసే క్రేనియల్ పద్ధతికి ఆధారాలు బలహీనం. “నడుం నొప్పి దగ్గర కొంత ఆధారం ఉంది, కొన్ని చోట్ల ఇంకా చాలదు, చాలని చోట ఆ మాట రోగితో చెప్పాలి” అనగల పిల్లవాడిని ఏ ప్రొఫెసరూ తప్పుపట్టడు. మీలో పరిశోధన పత్రాలు చదివే అలవాటున్న డాక్టర్లు ఈ భాగం అద్భుతంగా నేర్పగలరు. దయచేసి పూనుకోండి.

ల్యాబ్ గురించి ఇళ్లలో ఎవరూ చెప్పని సంగతి ఒకటి. ఓఎంటీ ల్యాబ్‌లో విద్యార్థులు ఒకరికొకరు రోగులుగా ఉంటారు. అబ్బాయిలు షార్ట్స్‌తో, అమ్మాయిలు షార్ట్స్, స్పోర్ట్స్ బ్రాతో బల్లపై పడుకోవాలి, తోటి విద్యార్థులు వీపు, పక్కటెముకలు, తుంటి తడిమి నేర్చుకుంటారు. చాలా కాలేజీలు ఇది తప్పనిసరి అని రాతపూర్వకంగా చెబుతాయి, మత సంబంధమైన దుస్తులకు కొంత వెసులుబాటు ఇస్తాయి. “ఒకరు నిన్ను ముట్టుకుని నేర్చుకోవడం నీకు ఇబ్బందా?” అన్న ప్రశ్న ఇంటర్వ్యూలో రావచ్చు. అది మొదటిసారి ఆ గదిలో విని ఎర్రబడే అమ్మాయికి అన్యాయం చేసినవాళ్లం మనమే. ముందే చెప్పండి, ఇంట్లో మాట్లాడుకోమనండి. ఇబ్బంది ఉంటే ఆ ఏర్పాట్ల గురించి అడ్మిషన్ ఆఫీసుని విడిగా అడగవచ్చు.

“ఎం.డి. కాలేజీలకు కూడా పెట్టావా?” అని అడుగుతారు. పెట్టి ఉంటే పెట్టానని చెప్పమనండి. “పెట్టలేదని చెప్పు” అని సలహా ఇచ్చే పెద్దలు మనలో ఉన్నారు. అది అబద్ధం, అబద్ధం చెప్పిన తర్వాత వచ్చే ప్రతి జవాబూ తడబడుతుంది. “రెండింటికీ పెట్టాను, మీ కాలేజీలో నాకు నచ్చింది ఫలానా” అని చెప్పి ఆ ఫలానాను వివరించగలిగితే చాలు. ఆ ఫలానా కాలేజీని బట్టి మారాలి. ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ తాలెక్వాలో చెరోకీ నేషన్‌తో కలిసి నడిపే కాలేజీలో, 2020లో మొదలైన ఆ తొలి గిరిజన భాగస్వామ్య మెడికల్ కాలేజీలో, గిరిజన ఆరోగ్యం గురించి ఏమీ తెలియకుండా కూర్చోలేరు. కెంటకీలోని పైక్‌విల్ అపలాచియన్ కొండప్రాంతాల కోసం పుట్టింది. వాషింగ్టన్ రాష్ట్రంలో యాకిమాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ యూనివర్సిటీ, పల్లెల్లో డాక్టర్ల కొరత తీర్చడం తన పని అంటుంది. డల్లాస్ శివార్లలో పెరిగిన మన పిల్లవాడు అక్కడ “నాకు పల్లెలంటే ఇష్టం” అంటే నమ్మరు. వాలంటీరు పనితోనో, చదివిన కౌంటీ ఆరోగ్య నివేదికతోనో, ఆ ఊళ్లో నాలుగేళ్లు ఉండటానికి సిద్ధమన్న స్పష్టమైన మాటతోనో నమ్మించాలి. అవేవీ లేకపోతే ఆ కాలేజీకి అసలు దరఖాస్తు పెట్టకపోవడం మేలు.

స్పెషాలిటీ గురించి అడిగితే ప్రైమరీ కేర్ అని కల్పించి చెప్పించకండి. డి.ఓ.లలో సగానికి పైగా ప్రైమరీ కేర్‌లోనే ఉన్నారు, కాలేజీలకు ఆ సంగతి గర్వకారణం. అయినా కార్డియాలజీ మీద ఆసక్తి ఉన్నవాడు ఆ మాటే చెప్పి, ఎందుకో చెబితే ఎవరూ తలుపు మూయరు.

మన పిల్లల దరఖాస్తుల్లో తరచుగా కనిపించే రెండు అనుభవాలు ఇంటర్వ్యూలో ఎదురుతిరుగుతాయి. వీటి మీద మీరు ఎంత గట్టిగా తర్ఫీదు ఇస్తే అంత మంచిది.

మొదటిది, సెలవుల్లో ఇండియా వెళ్లి మేనమామ నర్సింగ్‌హోమ్‌లోనో, బాబాయి ఆసుపత్రిలోనో ఉండి చూసిన అనుభవం. చూడటం వరకు మంచిదే. “అక్కడ నాతో కుట్లు వేయించారు, కాన్పులో సాయం చేశాను” అని పిల్లవాడు గర్వంగా చెబుతాడు. ఎదుటివాళ్లకు వినబడేది వేరు: శిక్షణ లేని కాలేజీ కుర్రాడు, కాదనగల స్థితిలో లేని పేద రోగి మీద ప్రయోగం చేశాడని. విదేశాల్లో విద్యార్థులు తమ శిక్షణకు మించిన పని చేయకూడదని అమెరికా మెడికల్ కాలేజీల సంఘమైన ఏఏఎంసీ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. అలాంటిది జరిగి ఉంటే ఆ అనుభవాన్ని దరఖాస్తులో గొప్పగా పెట్టకూడదు. అడిగితే దాచకుండా, అది ఎందుకు తప్పో ఇప్పుడు తనకు ఏం అర్థమైందో చెప్పాలి. ఇండియా వెళ్లే పిల్లలకు ముందే చెప్పండి, చేతులు కట్టుకుని చూసి రమ్మని. ఒక రోజులో ఓపీలో ఎందరిని చూశారు, మందుల చీటీ తీసుకున్న రోగి మందుకు డబ్బు ఎక్కడి నుంచి తెచ్చాడు, ఆరోగ్యశ్రీ కార్డు ఏ చికిత్సకు పనికొచ్చింది, దేనికి పనికిరాలేదు, ఇలాంటివి గమనించి వచ్చిన పిల్లవాడికి చెప్పుకోదగిన సరుకు దండిగా ఉంటుంది.

రెండోది, అమ్మమ్మకో నానమ్మకో ఆసుపత్రిలో తెలుగు నుంచి ఇంగ్లిషుకు మాట చేరవేసిన అనుభవం. వ్యాసాల్లో ఇది హృద్యంగా ఉంటుంది. ఇంటర్వ్యూలో వచ్చే ప్రశ్న మాత్రం “నువ్వు చేసింది సరైన పద్ధతేనా?” అన్నది. ఈ దేశంలో 2016 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు అత్యవసరం తప్ప మైనర్ పిల్లలను దుబాసీలుగా వాడకూడదు. శిక్షణ పొందిన దుబాసీని ఉచితంగా ఇవ్వాలి. ఎందుకంటే పిల్లలు కేన్సరు అన్న మాట మింగేస్తారు, మందు మోతాదు తప్పు చెబుతారు, నానమ్మ మూత్రం సమస్య మనవడి ముందు చెప్పుకోదు. ఈ మూడు కారణాలూ తెలిసిన విద్యార్థి అదే అనుభవాన్ని చెప్పి “రేపు డాక్టరుగా నేను ఫోన్ దుబాసీని పిలుస్తాను, మనవడిని మనవడిగా పక్కన కూర్చోనిస్తాను” అనగలడు. తెలియని విద్యార్థి తన గొప్ప కథతోనే చిక్కుకుంటాడు.

ఎంఎంఐ పద్ధతి, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా పలు చిన్న ఇంటర్వ్యూలు (స్టేషన్లు) జరిపే పద్ధతి గురించి కొంత. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో 2000ల మొదట్లో పుట్టిన ఈ పద్ధతిని కొన్ని డి.ఓ. కాలేజీలు వాడతాయి. ఆరు నుంచి పది స్టేషన్లు, ఒక్కోదానికి చదువుకోవడానికి సుమారు రెండు నిమిషాలు, మాట్లాడటానికి ఆరు నుంచి ఎనిమిది. తెలిసిన జవాబు చెప్పించడం దీని ఉద్దేశం కాదు, ఆలోచన ఎలా నడుస్తుందో వినడం. పిల్లలు రెండు రకాలుగా తప్పు చేస్తారు. ఒకరు 90 సెకన్లలో తీర్పు చెప్పేసి, మిగతా సమయం దిక్కులు చూస్తారు. ఇంకొకరు రెండు పక్కలా ఎంతసేపైనా మాట్లాడి చివరికి ఏ నిర్ణయమూ చెప్పరు. నేర్పాల్సిన వరుస ఇది. ఇందులో ఎవరెవరు నష్టపోవచ్చు, నాకు ఇంకా తెలియనిది ఏమిటి, ఎవర్ని ఏమని అడుగుతాను, నా ముందున్న దారులు ఏమిటి, నేను ఏది ఎంచుకుంటాను, ఏ కొత్త సంగతి తెలిస్తే నా నిర్ణయం మారుతుంది. ఈ చివరిది అడగకముందే చెప్పే పిల్లలు చాలా తక్కువ.

మాక్ స్టేషన్లు మన జీవితాల్లోంచే తయారుచేయండి. ఇవి రెండు ప్రయత్నించి చూడండి. మీ క్లినిక్‌కు 16 ఏళ్ల తెలుగు అమ్మాయి గర్భనిరోధక మాత్రల కోసం వచ్చింది. వాళ్ల అమ్మ మీ అమ్మకు స్నేహితురాలు, వచ్చే ఆదివారం గుడిలో కలుస్తుంది. ఏం చేస్తారు? ఇక్కడ గోప్యత రాష్ట్రాన్ని బట్టి మారుతుందని, బలవంతమో, హింసో జరిగిందేమో అడిగి తెలుసుకోవాలని, ఆ రెండూ లేనప్పుడు గుడి దగ్గర ఏమీ తెలియనట్టు ఉండాలని పిల్లవాడు తనంతట తాను చేరుకోవాలి. రెండోది. 58 ఏళ్ల మధుమేహ రోగి మెట్‌ఫార్మిన్ మానేసి, ఇండియా నుంచి తెచ్చుకున్న ఆయుర్వేద చూర్ణం వాడుతున్నాడు, పైగా కాళ్లు తిమ్మిరి అంటున్నాడు. తిట్టినా రోగి మళ్లీ రాడు, తలూపినా ప్రమాదమే. 2004లో బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది. కాబట్టి చూర్ణం డబ్బా తెమ్మనడం, రక్తంలో సీసం చూడటం, మెట్‌ఫార్మిన్ ఎందుకు మానేశాడో తెలుసుకోవడం, మూడూ కావాలి. వీటికి వైద్య పరిజ్ఞానం అక్కర్లేదు, ఇలా అడగాలన్న ఆలోచన ఉంటే చాలు. ఇంటర్వ్యూ చేసేవాళ్లూ డాక్టరు జవాబు ఆశించరు.

కొన్ని కాలేజీలు ఇంటర్వ్యూకి ముందే, ఒక సందర్భం ఇచ్చి ఏం చేస్తావని అడిగే క్యాస్పర్ వంటి ఆన్‌లైన్ పరీక్ష అడుగుతాయి, కొన్ని రికార్డు చేసిన వీడియో జవాబులు అడుగుతాయి. వీటికి ఇదే వరుస పనికొస్తుంది. అన్నిటికన్నా ముందు పిల్లవాడి ఇంటర్వ్యూ ఏ తరహాదో కనుక్కోండి. ఒకరితో ఒకరా, ప్యానెలా, గుంపు చర్చా, ఎంఎంఐయా, దరఖాస్తు చదివి వస్తారా, చదవకుండా వస్తారా. దరఖాస్తు చదవకుండా వచ్చే చోట “వ్యాసంలో రాశాను కదా” అన్న మాటకు అర్థం ఉండదు, మొదటి నుంచి చెప్పుకోవాలి. చదివి వచ్చే చోట మూడేళ్ల కిందటి సి గ్రేడు గురించి అడుగుతారు. ఇక్కడ పాత సలహా ఒకటి ఇంకా తిరుగుతోంది, డి.ఓ. కాలేజీలు మళ్లీ రాసిన గ్రేడునే లెక్కిస్తాయని. ఆ పద్ధతి 2017లో తీసేశారు, ఇప్పుడు అన్ని ప్రయత్నాలూ సగటులో కలుస్తాయి. ఏం జరిగింది, ఏం మార్చుకున్నాను, ఆ తర్వాత మార్కులు ఎలా ఉన్నాయి. మూడు వాక్యాలు చాలు. ప్రొఫెసరు మీద నెట్టకూడదు.

2020 నుంచి చాలా ఇంటర్వ్యూలు తెర మీదే జరుగుతున్నాయి. కెమెరా కళ్ల ఎత్తులో, వెలుతురు ముఖం మీద, వైర్ ఉన్న ఇంటర్నెట్, ఫోన్ నంబరు దగ్గర. ఇంకొకటి ముఖ్యం. గదిలో తల్లిదండ్రులు ఉండకూడదు. పక్క గదిలో నుంచి వింటున్నా పిల్లవాడి కళ్లు అటే పోతాయి. తెర అంచున అంటించిన కాగితాలూ కనిపెడతారు. ఉదయం లాగిన్ అయిన క్షణం నుంచి కో-ఆర్డినేటర్‌తో, విద్యార్థి గైడ్‌తో మాట్లాడిన ప్రతి మాటా లెక్కలోకి రావచ్చు.

చివర్లో “మీకేమైనా ప్రశ్నలున్నాయా?” అంటారు. వెబ్‌సైటులో దొరికేవి అడగకూడదు. డి.ఓ. కాలేజీల్లో అడగాల్సిన గట్టి ప్రశ్న మూడో ఏడాది రొటేషన్ల గురించి, అంటే ఆసుపత్రి విభాగాల్లో వంతులవారీగా ఉండి నేర్చుకోవడం గురించి. చాలా కాలేజీలకు సొంత ఆసుపత్రి ఉండదు, విద్యార్థులను ఒప్పందమున్న ఆసుపత్రులకు పంపుతారు. కోర్ రొటేషన్లన్నీ ఒకే ఊళ్లో దొరుకుతాయా, లాటరీ వేస్తారా, ఎంపిక అడగవచ్చా, నాలుగో ఏట రొటేషన్లు విద్యార్థే వెతుక్కోవాలా, రెసిడెంట్లు ఉన్న ఆసుపత్రులు ఎన్ని. వీటికి జవాబు ఫ్యాకల్టీ కన్నా నాలుగో ఏడాది విద్యార్థులు సూటిగా చెబుతారు. డి.ఓ.ల లైసెన్సు పరీక్ష కాంలెక్స్‌తో పాటు ఎం.డి.ల లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్ఈ కూడా రాయడానికి కాలేజీ ఎంత సమయం ఇస్తుందో కూడా అడగమనండి, గట్టి పోటీ ఉన్న స్పెషాలిటీలు కోరేవాళ్లలో చాలామంది రెండూ రాస్తారు. రెండింటి మొదటి మెట్టూ 2022 నుంచి పాస్, ఫెయిల్ మాత్రమే.

అప్పుల మాట ఇంటర్వ్యూ గదిలో కాదు, ఆ రోజు జరిగే ఫైనాన్షియల్ ఎయిడ్ సమావేశంలో అడగాలి. 2026 జూలై 1 నుంచి కొత్త విద్యార్థులకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ రుణాలు ఆగిపోతున్నాయి, వైద్యవిద్య వంటి కోర్సులకు ఫెడరల్ రుణం ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2,00,000 డాలర్ల దగ్గర ఆగుతుంది. ప్రైవేటు డి.ఓ. కాలేజీల ఫీజు చాలా చోట్ల అంతకు మించే ఉంది. మిగతాది ఎక్కడి నుంచి తెస్తారో సీటుకు ఒప్పుకోకముందే తేల్చుకోవాలి. తల్లిదండ్రుల ఉద్యోగ వీసాను ఆధారంగా చేసుకుని ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలకు ఇంకో గండం. 21 నిండితే ఆ హోదా పోతుంది, ఫెడరల్ రుణం ఎలాగూ రాదు, సిటిజన్లను, గ్రీన్‌కార్డు వాళ్లను మాత్రమే తీసుకునే కాలేజీలు చాలా ఉన్నాయి. దరఖాస్తు పెట్టకముందే ప్రతి కాలేజీ నియమం చూడమనండి. ఇంటర్వ్యూ దాకా వెళ్లి వీసా దగ్గర ఆగిపోయిన పిల్లవాడికి ఆ ఏడాది వృథా.

హైస్కూలు నుంచే, డిగ్రీ, డి.ఓ. రెండూ కలిపిన బి.ఎస్.-డి.ఓ. కార్యక్రమాల్లో చేర్పించాలనే తల్లిదండ్రులు మీ సభల్లో ఎక్కువ. 17 ఏళ్ల పిల్లలకు ఈ ఉత్తరంలోని లోతంతా అక్కర్లేదు. కానీ “ఇది నీ కోరికా, మీ నాన్న కోరికా?” అన్న ప్రశ్న వాళ్లకు తప్పకుండా వస్తుంది, మాటల్లో కాకపోతే చూపుల్లో. జవాబు పిల్ల నోటి నుంచి రావాలంటే తర్ఫీదు సమయంలో తల్లిదండ్రుల్ని గది బయట కూర్చోబెట్టండి. అడ్మిషన్ ఆఫీసుకు వాళ్లు ఫోన్ చేయకూడదని కూడా సూటిగా చెప్పండి.

మీ నుంచి కోరుతున్నది ఇది. ఎం.డి., డి.ఓ. మాక్ ఇంటర్వ్యూలను వేరు చేయండి. డి.ఓ. ప్యానెల్‌లో కనీసం ఒక డి.ఓ. డాక్టరు, ఒక డి.ఓ. విద్యార్థి, ఆసుపత్రితో సంబంధం లేని ఒక పెద్దమనిషి ఉండాలి. టీచరో, సోషల్ వర్కరో అయితే మరీ మంచిది, డాక్టర్లు గమనించని మాటలు వాళ్లు పట్టుకుంటారు. ఒక్కో విద్యార్థికి 45 నిమిషాలు కేటాయించి, 25 నిమిషాలు ప్రశ్నలకు, 20 నిమిషాలు రికార్డింగ్ చూపించి మాట్లాడటానికి వాడండి. జవాబులు రాసి ఇవ్వకండి. మీరు రాసిచ్చిన వాక్యమే ఒకే కాలేజీలో ముగ్గురు తెలుగు పిల్లలు చెబితే ముగ్గురికీ నష్టమే.

డి.ఓ. దరఖాస్తులు మే మొదట్లో తెరుచుకుంటాయి. ఇంటర్వ్యూ పిలుపులు చాలా కాలేజీల్లో ఆగస్టు ప్రాంతంలో మొదలై మార్చి దాకా సాగుతాయి, సీట్లు ఎప్పటికప్పుడు నిండిపోతూ ఉంటాయి. కాబట్టి మీ మాక్ శిబిరాలు ఇప్పుడు జరుగుతున్నట్టు అక్టోబరులో కాకుండా జూలై రెండో సగంలో పెట్టండి. డి.ఓ. డాక్టర్లతో షాడోయింగ్ ఏర్పాట్లు జనవరి నుంచి ఏప్రిల్ లోపు పూర్తిచేయండి. సీటు వచ్చాక కట్టే డిపాజిట్ చాలా చోట్ల వెయ్యి డాలర్లకు పైనే ఉంటుంది, తిరిగి రాదు, గడువు ఆ లేఖలోనే ఉంటుంది. ఆ లేఖ చదివి చెప్పే మనిషి ఒకరు మీ విభాగంలో ఉండాలి. ఈ ఏర్పాట్లకు కావాల్సిన ప్రశ్నల పట్టిక, స్టేషన్ల కార్డులు, డి.ఓ. వాలంటీర్లకు ఒక గంట పరిచయ తరగతి మేం తయారుచేసి ఇస్తాం. మీ విభాగం సమావేశంలో ఈ విషయం పెట్టి, ఒక బాధ్యుడి పేరు ఖరారు చేయండి.

ఇట్లు,
డి.ఓ. కాలేజీల దరఖాస్తుదారులకు ఇంటర్వ్యూ తర్ఫీదు ఇస్తున్న తెలుగు వాలంటీర్లం